ముడులక్క ఇంటి నిశ్శబ్దం

ఉదయం ఐదున్నర. రాత్రంతా కురిసిన వాన అప్పుడే తెరిపి ఇచ్చింది. మబ్బు మాత్రం కదల్లేదు.

ముడులక్క పొయ్యి వెలిగించి టీకి నీళ్ళు పెట్టింది. భోజనం డబ్బాలు కడిగి వరసగా బోర్లించింది. ఒకటి తనది, ఒకటి కూతురిది, ఒకటి పక్క వాటాలో ఉండే ఆడపడుచుది. ముగ్గురూ ఒకే మరమగ్గాల షెడ్డులో పనిచేస్తారు. తెగిన పోగుని రెప్ప వేసేలోగా ముడి వేసేస్తుందని షెడ్డులో ఎవరో ఆమెకి ముడులక్క అని పేరు పెట్టారు. పెట్టినవాళ్ళు ఎప్పుడో పని మానేసి వెళ్ళిపోయారు, పేరు మాత్రం ఉండిపోయింది. మొగుడు కూడా అలాగే పిలుస్తాడు.

తలుపు చప్పుడైంది. కింది వాటా టైలరు భార్య. రెండు చేతుల మీదా మడత పెట్టిన నిశ్శబ్దం.

"ఇదుగో అక్కా. దీని కింద పిల్ల హాయిగా పడుకుంది. జ్వరం దిగిపోయింది."

ముడులక్క అంచు పట్టుకు చూసింది. "ఇస్త్రీ చేశావా ఏంటి?"

"మా ఆయన చేశాడు. పరాయి వాళ్ళ వస్తువు నలిగింది నలిగినట్టు ఎలా ఇస్తాం అని."

"ఇస్త్రీ పెడితే ముడుచుకుంటుంది. ఫర్లేదులే, తడి తగిలితే మళ్ళీ సాగుతుంది."

ఆ నిశ్శబ్దం అత్తగారిది. ఆవిడ కూడా ఆ షెడ్డులోనే పనిచేసింది. ఆ రోజుల్లో కరెంటు పోతే మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయేవి. మిగతావాళ్ళు చెమట తుడుచుకోవడానికి బయటికి పోతే, ఆవిడ షెడ్డులో మిగిలిన నిశ్శబ్దాన్ని పోగులు పోగులుగా ఏరి కండెకి చుట్టుకుని ఇంటికి తెచ్చేది. అలా ఏళ్ళ తరబడి పోగు చేసి, దుప్పటంత నేసింది. తర్వాత షెడ్డుకి జనరేటర్ వచ్చింది. అప్పటినుంచీ మగ్గాలు ఆగింది లేదు. ఒక షిఫ్టు వాళ్ళు నడుస్తున్న మగ్గాన్నే తర్వాతి షిఫ్టు చేతుల్లో పెట్టి వెళ్ళిపోతారు. కొత్త నిశ్శబ్దం దొరకలేదు. ఉన్నది ఇదొక్కటే.

దానికి రంగు లేదు. మడత పెడితే అంచు కనిపిస్తుంది, నీళ్ళ గ్లాసు అంచులాగా. కావాలని చేసిన చప్పుడేదీ దాని కింద వినిపించదు. మాట, రేడియో, మోటారు, ఏదైనా సరే. దానంతటది వచ్చే చప్పుడు మాత్రం వినిపిస్తుంది. ఊపిరి, గుండె, వాన.

పోయేముందు అత్తగారు దాన్ని కన్నకూతురికి కాకుండా కోడలి ఒళ్ళో పెట్టింది. "నోరు మూసుకుని పడి ఉండడానికి కాదే ఇది. ఊరుకోవడం వేరు, వినడం వేరు. దీని కింద నీకు కొత్త సంగతేమీ తెలియదు. తెలిసిందే వినపడుతుంది." ఆ మాట ముడులక్క మర్చిపోలేదు. అందుకే ఈమధ్య అడిగిన ప్రతివాళ్ళకీ దాన్ని అరువిచ్చేస్తోంది. ఇంట్లో ఉంటే తను కప్పుకోవాల్సి వస్తుంది.

వానలు మొదలైన వారంలో షెడ్డు మధ్య స్తంభం నుంచి పెచ్చు ఊడి పడింది. రోటి రాయంత పెచ్చు. అదే స్తంభం పక్క మగ్గం కూతురిది. కండె అయిపోయిందని అప్పుడే పక్కకి వెళ్ళింది. పెచ్చు పడే ముందు పిల్ల ఎక్కడ నిలబడి ఉందో ముడులక్క కళ్ళు మూసుకున్నా చూపించగలదు. ఆ రోజు నుంచి ఆమె చేతులు వణుకుతున్నాయి. ముడి పడడం లేదు.

షెడ్డు వాళ్ళు స్తంభానికి చుట్టూ రేకు కొట్టారు. రేకు మీద, ఏ మగ్గం ఎన్ని గజాలు నేసిందో రాసే బోర్డు తగిలించారు. ఇప్పుడక్కడ స్తంభం కనపడదు.

*

షెడ్డులోకి అడుగుపెడితే హోరు. ఎవరి మాటా ఎవరికీ వినపడదు. అందుకే అక్కడ అందరూ పెదవులతో మాట్లాడుకుంటారు. గొంతు వాడరు. ఎదుటి గోడ దగ్గర ఉన్నవాళ్ళతో కూడా ఇంటి గుట్టు చెప్పుకోవచ్చు.

ఈ విద్య మేనేజరుకి రాదు. ఆయన అద్దాల గదిలో కూర్చుంటాడు. బయటికి వస్తే అరుస్తాడు. ఆయన గొంతు వినపడకపోయినా పెదవులు అందరికీ అర్థమవుతాయి. వాళ్ళ పెదవులు మాత్రం ఆయనకి అర్థం కావు. ఎదురుగా నిలబడి తిడుతున్నా, పాట పాడుకుంటున్నారనుకుని తల ఊపి వెళ్ళిపోతాడు.

ఆ పూట ముడులక్క చేతిలో పోగు మూడుసార్లు జారింది. మేస్త్రీ చూశాడు.

"ఏం అక్కా, నీ పేరు మార్చాలా?" పెదవులతోనే అడిగాడు.

"ముందు నీ బట్టతల సంగతి చూసుకో," అంది ఆమె. ఎప్పుడూ అనే మాటే. కానీ నవ్వు రాలేదు.

కూతురి వైపు చూసింది. పిల్ల జడ మీద తెల్లటి పొడి. నూలు దుమ్ము అనుకుందామంటే, నూలు దుమ్ము మెత్తగా ఉంటుంది. దగ్గరికి వెళ్ళి రెండు వేళ్ళతో తీసి చూసింది. ఇసుకలా గరగరలాడింది.

తిన్నగా అద్దాల గదిలోకి వెళ్ళింది.

"సార్, ఆ స్తంభం..."

"మళ్ళీ అదేనా? మనుషులొచ్చి చూసి వెళ్ళారు. పైన గిలాబు పూత ఊడింది, అంతే. రేకు కొట్టించాం కదా."

"రేకు కొడితే కనపడదు సార్. ఆగదు."

మేనేజరు కాగితాల్లోంచి తలెత్తాడు. మంచిగానే మాట్లాడాడు. "చూడమ్మా, వారంలో సరుకు పోవాలి. ఒక్క మగ్గం ఆగడానికి లేదు. నీకు భయమైతే ఇంట్లో కూర్చో, నీ కూతుర్నీ కూర్చోబెట్టు. గేటు బయట పనికోసం ఎంతమంది నిలబడ్డారో పొద్దున నువ్వూ చూశావు." కాస్త ఆగి, "అవునూ, మా ఆవిడ అడగమంది. తలనొప్పి మళ్ళీ మొదలైందిట. నీ నిశ్శబ్దం ఖాళీగా ఉంటే ఓ పూట ఇస్తావా?"

"ఖాళీ లేదు సార్," అంది ముడులక్క.

*

సాయంత్రం ఇంట్లో అందరూ తలో మాటా అన్నారు.

సరుకుల బండి నడిపే మొగుడు కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. "మానేయాలనిపిస్తే మానెయ్. వెళ్ళాలనిపిస్తే వెళ్ళు. నువ్వేం చేసినా నాకు ఇష్టమే."

"అది సలహా కాదు. తప్పించుకోవడం."

"మన పెళ్ళైనప్పటినుంచీ అదే చేస్తున్నా. ఇప్పటిదాకా బానే జరిగింది కదా."

ఆడపడుచు గుమ్మంలోనే నిలబడి చేతులు తిప్పింది. "నీకు మతి పోయింది వదినా. మా అమ్మ ముప్ఫై ఏళ్ళు ఆ స్తంభానికి ఆనుకుని డబ్బా తింది. అది కూలేదైతే మా అమ్మ కేకలకే కూలేది."

కూతురు మొహం ముడుచుకుంది. "ఆ మగ్గం నాకు ఇచ్చి ఎన్నాళ్ళైంది? నిన్నగాక మొన్న. ఇంతకాలం కండెలు మోశాను. ఇప్పుడు రానంటే నా మగ్గం ఇంకొకళ్ళకి ఇచ్చేస్తారు. తర్వాత ఏం జరగకపోతే? అందరూ నన్ను చూసి నవ్వుతారు. నీకేం, నీది భయం. నాది పని."

"నాదీ పనేనే."

"అయితే చెయ్యి. వణక్కుండా చెయ్యి."

అన్నాక పిల్ల కళ్ళు దించుకుంది. మొగుడు రేడియో పెట్టాడు. ఆడపడుచు టైలరు భార్యకి జరిగిందంతా వినిపించడానికి మెట్లు దిగింది. కింద నుంచి టైలరు సలహా కూడా పైకి వచ్చింది.

ముడులక్క వంటింట్లోకి వెళ్ళి తలుపు చేరవేసింది. పెట్టె మీద నిశ్శబ్దం ఉంది. చాలాసేపు దాని వైపు చూడకుండా గిన్నెలు తోమింది. తోమినవే మళ్ళీ తోమింది. తర్వాత చేతులు తుడుచుకుని, నేల మీద కూర్చుని, తల మీదుగా కప్పుకుంది.

రేడియో ఆగింది. మెట్ల మీద మాటలు ఆగాయి. కుళాయి నుంచి కారుతున్న చుక్క వినిపించింది. దాని వెనక తన ఊపిరి. ఊపిరి వెనక గుండె, తరుముకొచ్చినట్టు. అది నెమ్మదించేదాకా అలాగే కూర్చుంది. ఏదో గొంతు వినిపిస్తుందని, అత్తగారు వచ్చి ఇలా చెయ్యి అని చెబుతుందని ఎదురుచూసింది. ఎవరూ రాలేదు. 

అరికాళ్ళు గుర్తొచ్చాయి. మగ్గం దగ్గర నిలబడినప్పుడు నేల అరికాళ్ళకి ఎలా తగులుతుందో ఆమెకి ఇన్నేళ్ళుగా తెలుసు. ఈ వానల్లో ఆ అదురు మారింది. మగ్గం అదురుకి కాస్త ఆలస్యంగా ఇంకో అదురు వస్తోంది. పెచ్చు పడక ముందునుంచే వస్తోంది. కాళ్ళకి తెలుసు, చేతులకి తెలిసి వణుకుతున్నాయి. అందరూ భయం అన్నారు. తనూ భయమే అనుకుంది.

రేపు నా పిల్ల ఆ స్తంభం పక్కన నిలబడదు, అనుకుంది. ఆ మాట లోపల గట్టిగా, తన గొంతుతోనే వినిపించింది.

కాసేపటికి అదే గొంతు, మరి తక్కినవాళ్ళ పిల్లలు? అంది.

కుళాయి చుక్క ఇంకా పడుతోంది. ముడులక్క నిశ్శబ్దం తీసి మడత పెట్టి, డబ్బాల సంచిలో అడుగున సర్దింది.

*

తెల్లారి మళ్ళీ వాన. ముగ్గురూ బయల్దేరారు. ఈమె మాట్లాడకుండా రావడం చూసి ఆడపడుచు, "హమ్మయ్య, బుద్ధొచ్చింది," అంది. ముడులక్క సంచి ఇంకో చేతికి మార్చుకుంది. 

గేటు దగ్గర పనికోసం వచ్చిన జనం గోడవారగా తడుస్తున్నారు. వాచ్‌మన్ సంచి తెరిపించాడు.

"కింద ఏంటది?"

"నిశ్శబ్దం."

"బయటి సామాను లోపలికి తేకూడదు."

"ఇది ఈ షెడ్డుదే. మా అత్త ఇక్కడినుంచే తీసుకెళ్ళింది. తిరిగి తెస్తున్నా."

వాచ్‌మన్ బుర్ర గోక్కున్నాడు. తీసుకెళ్ళేదాన్ని ఆపాలని ఆయనకి తెలుసు, తిరిగి తెచ్చినదాన్ని ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు. "సరే పో. అడ్డంగా ఎక్కడా పెట్టకు."

లోపల హోరు. కూతురు స్తంభం పక్క మగ్గం దగ్గరికి వెళ్ళబోతుంటే ముడులక్క చెయ్యి పట్టుకుని ఆపింది. వదలలేదు. రెండో చేత్తో సంచిలోంచి నిశ్శబ్దం లాగింది. వానలో నానిన సంచి. ఇస్త్రీకి ముడుచుకున్నది కాస్తా తడికి సాగి, లాగేకొద్దీ వస్తూనే ఉంది. ఒక్క మనిషి పరిచేది కాదు.

ఆడపడుచు చూసింది. "ఏం చేస్తున్నావ్ వదినా?" అన్నాయి ఆమె పెదవులు.

"ఆ కొస పట్టుకో."

"మా అమ్మ నాకివ్వలేదు కదా. నువ్వే పట్టుకో."

"నాకు రెండు చేతులే ఉన్నాయి. పట్టుకో."

ఆడపడుచు ఒక క్షణం నిలబడింది. తర్వాత మగ్గం వదిలేసి వచ్చి కొస అందుకుంది. ఇద్దరూ మంచం మీద దుప్పటి విదిలించినట్టు పైకి ఎగరేశారు. అది మగ్గాల మీదుగా, మనుషుల మీదుగా, ఆ మూల నుంచి ఈ మూలకి పరుచుకుంది.

హోరు పోయింది.

మగ్గాలు తిరుగుతూనే ఉన్నాయి, పోగు లాగే నాడెలు ఇటూ అటూ పరిగెడుతూనే ఉన్నాయి, చప్పుడు లేదు. జనరేటర్ వచ్చాక పనిలో చేరినవాళ్ళు ఆ షెడ్డులో తమ ఊపిరి తాము వినడం అదే మొదలు. ఒకామె గుండె మీద చెయ్యి వేసుకుంది. రేకుల మీద వాన వినిపించింది.

తర్వాత స్తంభం వినిపించింది.

ఎండిన రొట్టెని ఎవరో నిదానంగా నలుపుతున్నట్టుంది. రేకు లోపల ఇసుక జారుతోంది. ఆగుతోంది, మళ్ళీ జారుతోంది. మధ్యలో, లోపలెక్కడో, పళ్ళు కొరికిన చప్పుడు.

కూతురు తల్లి చేతిలోంచి చెయ్యి లాక్కోవడం మానేసింది. తనే గట్టిగా పట్టుకుంది.

అద్దాల తలుపు తోసుకుని మేనేజరు వచ్చాడు. చప్పుడు లేకపోయేసరికి మగ్గాలు ఆగాయనుకున్నాడు. తిరుగుతున్న మగ్గాల్ని చూసి మరీ తికమకపడ్డాడు. అరవడం మొదలుపెట్టాడు. అది కావాలని చేసిన చప్పుడు, అందుకని ఒక్క ముక్క రాలేదు. పెదవులు మాత్రం అందరూ చదివారు. పనిలోకి పోండి. ఒక్కొక్కరి పేరూ కొట్టేస్తా. ఎవరిది ఈ పని?

"నాది," అంది ముడులక్క. ఆయనకి అర్థం కాలేదు. షెడ్డు మొత్తానికి అర్థమైంది. "నా పేరుతోనే మొదలుపెట్టండి. ముందు చెవి పెట్టి వినండి." వేలితో తన చెవి చూపించింది, స్తంభం చూపించింది.

ఆయన వినలేదు. ఆయన నోరు ఇంకా ఆడుతోంది, నోరు ఆడేవాడికి ఆ చప్పుడు ఎక్కదు. మేస్త్రీ విన్నాడు. వెళ్ళి రేకుకి చెవి ఆనించి, కాలినట్టు వెనక్కి వచ్చాడు. మెయిన్ స్విచ్ దగ్గరికి నడిచి దాన్ని కిందికి లాగేశాడు. ఎవరినీ అడగలేదు.

అందరూ తలుపు వైపు కదిలారు. తోసుకోలేదు. అంత చప్పుడు లేని చోట ఎవరికీ కంగారు పడాలనిపించలేదు. వదినా ఆడపడుచులు రెండు కొసలూ పైకెత్తి పట్టుకుని నిలబడ్డారు, ఆఖరి మనిషి దాటేదాకా. చివర లాగబోతే ఒక అంచు స్తంభం రేకుకి పట్టుకుంది. 

"వదిలెయ్ వదినా."

"మీ అమ్మది."

"మా అమ్మే అయితే ఈపాటికి గేటు దాటేసేది. రా."

ముడులక్క గట్టిగా లాగింది. అంచు చిరిగి చేతిలోకి వచ్చింది. ఇద్దరూ పరిగెత్తారు.

*

అందరూ గేటు బయటికి చేరాక మేనేజరు గొడుగు కింద నిలబడి వాచ్‌మన్‌తో కొత్త మాట ఎత్తుకున్నాడు. "వీళ్ళు చేయకపోతే చేసేవాళ్ళున్నారు. గోడవార ఉన్నవాళ్ళని పిలవండి. నేనే తీసుకెళ్ళి మగ్గాలు వేయిస్తా. రండయ్యా."

గోడవారగా తడుస్తున్నవాళ్ళు ముందుకి కదిలారు. ఎన్నాళ్ళుగానో నిలబడ్డవాళ్ళు.

ముడులక్క వెళ్ళి గేటుకి అడ్డంగా నేల మీద కూర్చుంది. బురదలోనే. ఆడపడుచు వచ్చి పక్కన కూర్చుంది. కూతురు కూర్చుంది. మేస్త్రీ తువ్వాలు పరుచుకుని మరీ కూర్చున్నాడు. తర్వాత తక్కినవాళ్ళు.

"లేవండి. పోలీసుల్ని పిలుస్తా," అన్నాడు మేనేజరు. "ఈవిడ మాట విని రోడ్డున పడతారు మీరు. రేపటినుంచి ఈమె పెడుతుందా మీకు తిండి?"

ముడులక్క నిశ్శబ్దాన్ని అందరి మీదుగా కప్పింది. 

ఆయన అక్కడితో ఆగలేదు, కానీ వాళ్ళకి ఆయన మాట ఆగిపోయింది. వాన వినిపించింది. ఒకరి గుండె ఒకరికి వినిపించింది. పనికోసం వచ్చినవాళ్ళలో ఒకాయన కాస్త వంగి, అంచు ఎత్తి, తలదూర్చి విన్నాడు. ఆయనా కూర్చున్నాడు. ఆయన్ని చూసి తక్కినవాళ్ళు.

చాలాసేపు ఏమీ జరగలేదు. డబ్బాలు తినే వేళ దాటింది. షెడ్డు నిలబడే ఉంది, నిక్షేపంలా. ఒకరిద్దరు ముడులక్క వైపు చూశారు. వాళ్ళ చూపులో ఏముందో ఆమెకి తెలుసు. కూతురి పెదవులు కదిలాయి. "అమ్మా, ఏం కాకపోతే?"

"ఏం కాకపోతే నవ్వుతారు. నవ్వనీ."

ఆమె లేవలేదు. లోపల చూసుకుంది. నిన్న వంటింట్లో విన్న గొంతు అక్కడే ఉంది, ఒక్క మాట కూడా మార్చుకోలేదు.

అప్పుడు వినిపించింది. ముందు ఒక నిట్టూర్పులాంటిది, తర్వాత నేల కింద నుంచి వచ్చిన అదురు, తర్వాత పెద్ద చప్పుడు. దానంతటది వచ్చిన చప్పుడు. నిశ్శబ్దం దాన్ని అడ్డుకోలేదు, మొత్తం విననిచ్చింది. మధ్య స్తంభం కుంగింది, కప్పు దాని మీదకి వంగింది, గోడలు కప్పు వెంట వెళ్ళాయి. దుమ్ము వానలో తడిసి నేలకి దిగేసరికి అక్కడ షెడ్డు లేదు.

మేనేజరు గొడుగు పక్కకి పడిపోయింది. ఆయన నోరు తెరుచుకునే ఉంది. అందులో మాట లేదని పెదవులు చదివేవాళ్ళందరికీ తెలిసింది.

*

సాయంత్రం వాన మళ్ళీ తెరిపి ఇచ్చింది. ఇంట్లో దీపం వేశాక ముడులక్క నిశ్శబ్దాన్ని ఒళ్ళో పరుచుకుని చిరిగిన అంచు వెతికింది. పోగులు వేలాడుతున్నాయి. ఆ చిరుగులోంచి మొగుడు ఆడపడుచుతో గొంతు తగ్గించి ఏదో చెబుతుండడం వినిపిస్తోంది.

ఒక పోగు తీసుకుని దాని జతని వెతికి, రెండూ కలిపింది. వేళ్ళు చూసుకుంది. వణకడం లేదు. 

ముడి వేసింది. ఇది నా పిల్ల. తలుపు దగ్గర జడ విప్పుకుని దుమ్ము దులుపుకుంటోంది, ఇంటికి వచ్చింది.

ఇది ఆడపడుచు. ఇది మేస్త్రీ, పెళ్ళాం వీధి చివరిదాకా ఎదురొచ్చి తీసుకెళ్ళింది. ఇది గుండె మీద చెయ్యి వేసుకున్నామె. ఇది కండెలు మోసే పొడుగాయన. ఇది వాచ్‌మన్. ఇది గోడవార నుంచి వచ్చి అంచు ఎత్తి విన్నాయన, పేరైనా అడగలేదు, ఆయన కూడా ఎక్కడో ఓ ఇంటి తలుపు తట్టే ఉంటాడు. ఒక్కొక్కరికీ ఒక ముడి. ఏ ముడీ జారలేదు.

మేనేజరు. గేటుకి అడ్డం కూర్చోబట్టి ఆయనా లోపలికి పోలేకపోయాడు. తలనొప్పి భార్య దగ్గరికి నడుచుకుంటూ వెళ్ళాడు. ఆ ముడి కాస్త బిగించి మరీ వేసింది.

చివర ఒక్క పోగు మిగిలింది. దాని జత పక్కనే ఉంది. ఎవరూ తప్పిపోలేదే అని మొదటినుంచీ మళ్ళీ తడుముకుంటూ వచ్చింది.

"ఏంటి వదినా వెతుకుతున్నావు?" ఆడపడుచు వచ్చి పక్కన చతికిలబడింది.

"ఒకటి మిగిలింది. ఎవరో లెక్కలోకి రాలేదు."

ఆడపడుచు అంచు చేతిలోకి తీసుకుని చూసింది, వదిన మొహం చూసింది.

"నిన్ను కలుపుకున్నావా?"

ముడులక్క ఆ రెండు పోగులూ కలిపి ముడి వేసింది.